సమానంగా తరిగిన దుంపలు

జూన్ 3

అక్కా,

కవరు మీద నా చేతిరాత చూడగానే కొంప మునిగిందనుకుని ఉంటావు. మునగలేదు. ఫోను చేద్దామంటే ఆ హాస్టల్ వంటగదిలో గ్రైండర్ల పక్కన నిలబడి నిలబడి నీ చెవులు కాస్తా పోగొట్టుకున్నావు. నీకు వినపడాలంటే నేను అరవాలి. నేనరిస్తే పైన పడుకున్న మీ మరదలికి వినపడుతుంది. ఇది ఆవిడ చెవిన పడకూడని సంగతి. అందుకని కింద షాపులో, కటింగ్ బల్ల మీద పెట్టుకుని రాస్తున్నాను. కాగితానికి సుద్ద అంటుకుంటే దులుపుకో.

జ్వరం తగ్గి మూడు వారాలయింది. తిండి మాత్రం సయించడం లేదు. హోటలు నుంచి తెచ్చాను, పక్కింటివాళ్లు పంపారు, ఏది పెట్టినా రెండు ముద్దలు తిని "మట్టిలా ఉందండీ" అని పళ్లెం పక్కకి జరుపుతుంది. మనిషి ఎంత చిక్కిందో నాకు డాక్టరు చెప్పక్కర్లేదు, ఆవిడ జాకెట్లు కుట్టేది నేనే. మొదట అటు అరంగుళం, ఇటు అరంగుళం లోపలికి తీసుకున్నాను. నిన్న మళ్లీ తీశాను. ఇంకోసారి తియ్యాల్సి వస్తే నా చేతులు ఆడవు. భయంగా ఉందక్కా.

అందుకని నేనే వండుదామనుకుంటున్నాను. నవ్వకు. పెళ్లయిన ఇరవయ్యారేళ్లలో గరిటె పట్టినవాణ్ని కాదు, నిజమే. ఆవిడ పద్ధతి ఆవిడనే అడుగుదామంటే "ఉండండి, నేనే చేస్తా" అని లేస్తుంది, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. నీ బంగాళాదుంపల కూర ఎలా చేస్తావో రాయి. కొబ్బరి వెయ్యాలని ఆవిడ, కొబ్బరి వేస్తే అది కూర కాదు పాయసమని నువ్వు, మీరిద్దరూ ఎన్నేళ్లు దెబ్బలాడుకున్నారో ఆ కూరే. దెబ్బలాడుతూనే ఆవిడ రెండోసారి వడ్డించుకునేది, నేను చూశాను. అచ్చం నువ్వు చేసినట్టే రావాలి. రుచీ అదే, చిక్కదనమూ అదే.

బావ నడుం నొప్పి ఎలా ఉంది?

నీ తమ్ముడు


జూన్ 9

ఒరేయ్ బుడ్డోడా,

యాభై నాలుగేళ్లొచ్చాయి, ఇంకా బుడ్డోడనే పిలుస్తాను, నీ ఇష్టమొచ్చింది చేసుకో.

బావ నడుం బాగానే ఉంది, పని చెప్పినప్పుడే నొప్పి. ఇక్కడ కొత్త వార్డెనమ్మ వచ్చింది. నూనె తగ్గించండి, ఉప్పు తగ్గించండి అంటుంది. తగ్గించమ్మా, పిల్లలే తగ్గుతారు అన్నాను. అప్పటినుంచీ మొహం మాడ్చుకుని తిరుగుతోంది.

నువ్వు వంట చెయ్యడమా! పెళ్లినాడు మంచినీళ్లు కావాలన్నా నా వైపు చూసినవాడివి. సరే, రాసుకో. ఇరవై కిలోల దుంపలు. ఎనిమిది కిలోల ఉల్లిపాయలు, ఆరు కిలోల టమాటాలు. ధనియాలు అర కిలో, జీలకర్ర పావు కిలో, అల్లం వెల్లుల్లి చెరో కిలో, మిరపకారం చూసుకుని. నూనె రెండు లీటర్లు, నీళ్లు పన్నెండు లీటర్లు. ఇది రెండొందల మందికి. ఇద్దరికెంతో నాకు తెలియదురా, ఇంట్లో కూడా బావకి హాస్టల్ కూరే పెడుతున్నాను. లెక్కల్లో నువ్వు గట్టివాడివేగా, చూసుకో.

ఉల్లిపాయ దగ్గర తొందరపడ్డావా, కూర చచ్చినట్టే. నాకు గంట పడుతుంది. పచ్చివాసన పోయి, ఎర్రబడి, అంచుల్లో నూనె తేలాలి. అప్పుడు అల్లం వెల్లుల్లి. దాని పచ్చివాసన కూడా పోయాకే టమాటా. మళ్లీ నూనె తేలాలి. చాలామంది ఇక్కడే ఓపిక చాలక నీళ్లు పోసేస్తారు, పోసి మసాలా మీద మసాలా గుమ్మరిస్తారు. ధనియాలు, జీలకర్ర విడిగా వేయించి దంచుకో. ఆ పొడి, తరిగిన దుంపలు వేసి, నీళ్లు పోసి, మూతపెట్టు. అంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు, ముక్కు పెట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డమే.

మీ ఆవిడ రెండోసారి వడ్డించుకునేదని ఇన్నేళ్లకి నీ ద్వారా తెలిసింది. నాతో మాత్రం ఒక్కనాడూ బాగుందని అనలేదు.

నీ అక్క


జూన్ 15

అక్కా,

నువ్వు రాసిందంతా వందతో భాగించాను. దుంపలు రెండొందల గ్రాములు, ఉల్లిపాయ ఎనభై. ఇంతవరకూ బాగానే ఉంది. గంటని కూడా వందతో భాగిస్తే ముప్పై ఆరు సెకన్లు వచ్చింది. ముప్పై ఆరు సెకన్లకి ఉల్లిపాయ వేగడం మాట అటుంచు, తనని పొయ్యి మీద పెట్టారన్న సంగతే దానికి తెలిసినట్టు లేదు. అయినా అక్క రాసింది కదా అని టమాటా వేసేశాను. నూటిరవై మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి పోసి మూతపెట్టి కిందకొచ్చాను. ఒక చొక్కాకి కొలతలు తీసుకుని పైకి వెళ్లేసరికి నీళ్లు లేవు, అడుగంటింది, దుంపలు పచ్చిగా ఉన్నాయి. గిన్నె ఇంకా నానుతోంది.

రెండోసారి లెక్కలు పక్కన పెట్టేశాను. పొయ్యి దగ్గరే ముక్కాలిపీట వేసుకుని ఉల్లిపాయని చూస్తూ కూర్చున్నాను. నూనె తేలింది అక్కా! నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మూడోసారి చేసినప్పుడు అచ్చం నీ ఇంటి వాసన. కాజాలు కుట్టే ముసలాయన, తెలుసుగా, మెట్లెక్కలేనని రోజూ గొణిగే మనిషి, ఆ వాసన పట్టుకుని పైకొచ్చి కడుపునిండా తిని వెళ్లాడు. ఒక్క లోపం చెప్పాడు, పులుసు ఒక పక్క, ముక్కలు ఒక పక్క, రెంటికీ చుట్టరికం లేనట్టుందన్నాడు. ఎందుకో నాకు అంతుపట్టలేదు. ముక్కలు మాత్రం చక్కగా తరిగాను, టేపు పెట్టి చూసినా ఒకదానికి ఒకటి దారప్పోగంత తేడా ఉండదు.

పళ్లెంలో పెట్టి పట్టుకెళ్లాను. "వదిన కూర" అని కూడా చెప్పాను. రెండు ముద్దలు తింది. "ఇదీ మట్టిలాగే ఉందండీ" అని గోడవైపు తిరిగింది.

నా వంట బాగాలేదా, ముసలాయన ఆకలి మీద తిన్నాడా, నాకేం తెలియడం లేదు. ఏం తప్పు చేస్తున్నానో చెప్పు.

నీ తమ్ముడు


జూన్ 20

తమ్ముడూ,

నా కూర మట్టిలా ఉందందా? ఇరవై రెండేళ్లుగా ఈ హాస్టల్లో పిల్లలు చదువులై వెళ్లిపోతూ కళ్లనీళ్లు పెట్టుకునేది పుస్తకాల కోసం కాదు, నా కూర కోసం. ముసలాయన కడుపునిండా తిన్నాడని నువ్వే రాశావు. వాసన నా ఇంటిదే అనీ నువ్వే రాశావు. మరి తప్పు కూరలో ఉందా?

నేను పైకి చెప్పేస్తాను, నాకు కడుపులో దాచుకోవడం రాదు. తన వంటగదిలో మొగుడు తన ఆడపడుచు కూర వండుతున్నాడని ఆవిడకి కష్టంగా ఉంది. అదీ జబ్బు. పరాయివాళ్లు పంపినది మట్టి, హోటలుది మట్టి, నాది మట్టి, తనది ఒక్కటే బంగారం. నువ్వు పొద్దంతా మిషను తొక్కి, పైకెళ్లి పొయ్యి దగ్గర నిలబడుతుంటే, గోడవైపు తిరగడానికి మనసెలా ఒప్పిందో. ఆ వేషాలు మానమని చెప్పు. ఆకలేస్తే అదే తింటుంది.

నువ్వు సరిగ్గా తింటున్నావా? దాని గురించి ఒక్క ముక్క రాయవు.

నీ అక్క


జూన్ 27

అక్కా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను పెళ్లివాళ్ల కొలతలతో తలమునకలై ఉన్నాను. పోస్టుమాన్ పైన ఇచ్చి వెళ్లాడు. ఆవిడ చదివింది. నేను పైకి వెళ్లేసరికి కాగితం మడతపెట్టి నా దిండు మీద ఉంది. ఆ రోజు నుంచి ఆ రెండు ముద్దలు కూడా మానేసింది. పాలు పెడితే పాలు, జావ పెడితే జావ, కళ్లు మూసుకుని మందు తాగినట్టు తాగుతుంది.

నీ మీద కోపం వచ్చిందక్కా. ఇప్పటికీ ఉంది. నేను కూర ఎలా చెయ్యాలో చెప్పమన్నాను గానీ మా ఆవిడ ఎలాంటిదో చెప్పమనలేదు. తన మీద నీకు చాడీలు రాస్తున్నానని ఆవిడ అనుకుంటోంది. నా ఇంట్లో నేను దొంగలా తిరుగుతున్నాను.

ఇక అసలు సంగతి. నిన్న ధనియాలు మూకుట్లో వేసి సన్నమంట మీద పెట్టి, ఎవరో పిలిస్తే కిందకి దిగాను. మాటల్లో పడి మర్చిపోయాను. కాసేపటికి ముసలాయన "అయ్యా, పైన ఏదో మాడుతోంది" అన్నాడు. ఆ కంపు మెట్లు దిగి షాపులోకి వచ్చేసింది. పరుగెత్తాను. మూకుడు బొగ్గయింది. ఆవిడ వంటగది గుమ్మం పక్కనే కుర్చీలో, వీపు అటు పెట్టి, పాత చీరకి అంచు కుట్టుకుంటోంది. నన్ను చూసి "ఏమైందండీ, అలా రొప్పుతున్నారేం?" అంది.

"నీకు వాసన రాలేదా?" అన్నాను.

సూది ఆగిపోయింది. తర్వాత ఏడ్చింది. జ్వరం వచ్చినప్పటినుంచీ ఆవిడకి ఏ వాసనా తెలియడం లేదట అక్కా. సబ్బు, కాఫీ, కిరసనాయిలు, ఏదీ. "మరి చెప్పవేం?" అంటే, "వాసన తెలియని దాన్ని వంట ఎలా చేస్తాను? వంట చెయ్యలేకపోతే ఈ ఇంట్లో నేనేం చేస్తాను? రేపు వచ్చేస్తుంది, ఎల్లుండి వచ్చేస్తుంది అనుకుంటూ కూర్చున్నా" అంది. మళ్లీ కళ్లు తుడుచుకుని, "వదిన కూర బాగాలేదని నేననలేదు. నా నోట్లో మట్టి ఉందని చెప్పాను" అంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రావచ్చు, నెలలు పట్టచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు. ఉప్పు, పులుపు, కారం, తీపి నాలుక పసిగడుతుందట, మనం రుచి అనుకునే మిగతాదంతా ముక్కు చలవేనట. అప్పటిదాకా తిండి మానేస్తే మాత్రం మనిషి దక్కడం కష్టమని గట్టిగా చెప్పాడు.

ఇంక నాకు నీ కూర ఎందుకు? ఎంత బాగా వండినా ఆవిడకి చేరదుగా. నువ్వు పెద్దదానివి, తోచింది రాయి. రాసేముందు ఒక్కసారి ఆలోచించు.

తమ్ముడు


జూలై 2

నాన్నా,

నీ ఉత్తరం వంటగదిలోనే చదివాను. నోరు జారాను. కాగితం మీద జారిన నోరు ఇంకా అన్యాయం, మళ్లీ మళ్లీ చదువుకోవచ్చు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. నీ కోపం అలాగే ఉండనీ, నాకు తగినదే.

నువ్వు రాసింది నమ్మకం కుదరక ఒక పని చేశాను. పిల్లలందరూ తిని వెళ్లాక, బట్టలారేసే క్లిప్పు ముక్కుకి పెట్టుకుని నా కూర నేను తిన్నాను. గిన్నెలు తోమే ఆవిడ నాకు మతిపోయిందనుకుంది. మట్టేరా. నా కూర, నా చేత్తో చేసిన కూర, ఉప్పగా, కాస్త కారంగా ఉన్న మట్టి. ఇన్నాళ్లూ మీ ఆవిడ ఉన్న మాటే చెప్పింది, మనకే అర్థం కాలేదు. ఒక్క ముద్దకే నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నెలరోజులకి పైగా తింటోంది.

క్లిప్పు తియ్యకుండా ఇంకో ముద్ద తిన్నాను, నెమ్మదిగా నమిలాను. అప్పుడు తెలిసింది, అంతా పోలేదు. జీలకర్ర పంటికింద చిటుక్కుమన్నప్పుడు తెలిసింది. ధనియాల పలుకు తగిలినప్పుడు తెలిసింది. ఒక పెద్ద దుంప మెత్తగా విడిపోవడం, దాని చుట్టూ పులుసు చిక్కగా నాలుకకి పట్టుకోవడం, అదీ తెలిసింది. వేడి తెలిసింది. చల్లారిపోయాక ఏమీ లేదు.

నీ ముసలాయన చెప్పిన చుట్టరికం సంగతి ఇప్పుడు వెలిగింది. ఒరేయ్, దుంపల్ని బట్ట కత్తిరించినట్టు సమానంగా తరిగావు కదూ! అందుకే అన్నీ ఒకేసారి ఉడికాయి, ఒక్కటీ కరగలేదు, పులుసు నీళ్లలాగే ఉండిపోయింది. నా దగ్గర ఆరుగురు తరుగుతారు, ఆరు చేతులు, ఆరు తీర్లు. చిన్నముక్కలు చితికి పులుసులో కలిసిపోతాయి, పెద్దవి నిలబడతాయి. నా కూర చిక్కదనమంతా ఆ వంకరటింకర తరుగుడే. నాకే తెలియదు, నీకు చెప్పడానికి!

ఇలా చెయ్యి. దుంపలు పెద్దా చిన్నా తేడాగా తరుగు. ధనియాలు మిక్సీలో వెయ్యకు, బరకగా దంచు. ఉల్లిపాయలో సగం కూరలో కరిగిపోవాలి, సగం సన్నగా చీల్చి కరకరలాడేలా వేయించి, తినబోయే ముందు పైన చల్లు. దింపాక నిమ్మకాయ పిండు. పొయ్యి మీది నుంచి నేరుగా పళ్లెంలోకి వెళ్లాలి.

ఈ కింది ముక్క నువ్వు చదవద్దు. కాగితం ఆవిడ చేతికియ్యి.

అమ్మాయ్, నేను రాసింది తప్పు. నీ ముఖం చూసి చెప్పాల్సింది, ఇక్కడ పిల్లలకి పరీక్షలు, కదలలేను. వంట ముక్కుతో చేస్తామన్నది నిజమే. ఆ ముక్కు నీదే కానక్కర్లేదు. మా తమ్ముడికి ఒకటుంది, బోలెడంత పొడుగు, ఇన్నేళ్లూ ఊరికే పెట్టుకు తిరిగాడు. వాణ్ని వాడుకో. కొబ్బరి కావాలంటే వేసుకో, నేనేమీ అనను. నువ్వు తినాలి. నీ వంట బాగాలేదని సాధించడానికి నాకు ఇంకెవరూ లేరు.

నీ వదిన


జూలై 9

అక్కా,

కాగితం ఆవిడ చేతికిచ్చాను. నేను చదవలేదు, అంటే, వద్దన్న మాట కంటపడేలోపే కిందిదాకా చదివేశాననుకో. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి చదువుకుంది. చదివి, జడ ముడివేసుకుని, "దుంపలు ఉన్నాయా?" అంది.

వంటగదిలో కుర్చీ వేశాను, కూర్చుంది. నేను తరగడం మొదలుపెట్టాను. తేడాగా తరగమన్నావు కదా. నాకు చేతకాదక్కా! పెద్దవి తరిగితే పెద్దవన్నీ ఒక కొలత, చిన్నవి తరిగితే చిన్నవన్నీ ఒక కొలత. కళ్లు మూసుకుని తరిగాను, అప్పుడూ అంతే. ముప్పై ఏళ్లు కత్తెర పట్టిన చెయ్యి వంకర తిరగనంటుంది. ఆవిడ చూసి చూసి నవ్వింది. జ్వరం తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు, నేను కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "ఆ కత్తి కింద పెట్టండి మహానుభావా. దుంపలు ఉడకబెట్టి చేత్తో చిదపండి, అవే విరుగుతాయి" అంది. విరిగాయి. ఒకటి నిమ్మకాయంత, ఒకటి శెనగపప్పంత.

ఉల్లిపాయ వేసినప్పుడు కళ్లు మూసుకుని వింది. "చప్పుడు గట్టిగా ఉంది, ఇంకా నీళ్లున్నాయి, కలపకండి" అంది. కాసేపటికి చప్పుడు సన్నబడింది. "ఇప్పుడు వాసన ఎలా ఉంది, చెప్పండి" అంది. నాకేం తెలుసు? కొత్త గుడ్డ వాసన, ఇస్త్రీ వాసన, మిషను నూనె వాసన, నాకు తెలిసినవి మూడే. అయినా ముక్కు మూకుడు మీద పెట్టి, "బెల్లం కాగుతున్నట్టుంది" అన్నాను. "అయితే అల్లం వెయ్యండి" అంది. అలా ఒక్కో వాసన నేను చెప్పడం, ఆవిడ తరవాతి పని చెప్పడం. ఒకచోట "బాగుంది" అన్నాను. "బాగుందంటే నాకేం తెలుస్తుంది, సరిగ్గా చెప్పండి" అని కసిరింది. ఎంత హాయిగా ఉందో ఆ కసురు.

చివర్లో ఎండుకొబ్బరి కోరు వేయించి వెయ్యమంది. "వాసన కోసం కాదు, పంటికిందకి. వదినకి రాయండి, ముక్కు పోయినా నేనే గెలిచానని." రాశాను. మీరూ మీరూ చూసుకోండి.

ఉల్లిపాయలు పైన చల్లి, నిమ్మకాయ పిండి, పొగలు కక్కుతుండగా పళ్లెంలో పెట్టాను. ఎదురుగా కూర్చున్నాను. మొదటి ముద్ద చాలాసేపు నమిలింది. నేను ఆవిడ నోటివైపే చూస్తున్నాను. మింగి, నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది.

"రాలేదండీ. పులుపు తప్ప రుచేమీ తెలియట్లేదు."

ఇంత చేసినా ఇంతేనా అనిపించింది. అయినా పైకి తెలియనివ్వకుండా, "పోనీలే, బలవంతం వద్దు. పాలు తెస్తాను" అని లేవబోయాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పళ్లెంలోది అంతా తింది అక్కా. ఆగి ఆగి, ఒక్కో ముద్ద నమిలి, ఉల్లిపాయ పలుకులు వేలితో ఏరుకుని మరీ తింది. తిని, ఖాళీ పళ్లెం నావైపు జరిపింది.

"తెలియకపోతే మానెయ్యాలా? ఇంకో గరిటె వెయ్యండి" అంది.

వేశాను.

నీ తమ్ముడు